ఇవాళే దిగిన సరుకు

నిమ్మకాయను చూసి గురాన సన్యాసిరావు కేక పెట్టాడు.

అరవై ఐదు దాటిన మనిషి. విజయనగరం గంటస్తంభం దగ్గర బట్టల కొట్లో జీవితమంతా చీరలు విప్పి చూపించిన గుమాస్తా. నిమ్మకాయ తెలియనివాడు కాదు. కానీ విశాఖపట్నంలో, ఎండాడ కొండ మీది ప్రయోగశాలలో, నెత్తిన తీగల టోపీతో కూర్చున్నవాడి ముందు డాక్టర్ మృణాళిని ఆ కాయను పెట్టి మీట నొక్కేసరికి అది నిమ్మకాయ కాకుండా పోయింది. ముందు ఆ పసుపు వచ్చి మీద పడింది. దానికి ఒక పక్కన ఇంకా ఆరని పచ్చదనం. తోలు నిండా సూదిమొనంత గుంటలు, గుంట గుంటలో ఒక వెలుగు చుక్క. చేతిలోకి తీసుకుని గోటితో గిల్లాడు. వాసన గుప్పున లేచి ముక్కులోంచి నడినెత్తికెక్కింది.

"ఓలమ్మో! ఏటిది!"

"భయపడకండి సన్యాసిరావు గారూ."

"బయమేటమ్మా! ఇన్నాళ్ళూ ఈ కాయ ఎక్కడ దాక్కున్నాది?"

మృణాళిని చప్పట్లు చరిచింది. నలభై దాటిన మనిషి, పదేళ్ళుగా ఈ టోపీ తప్ప వేరే లోకం లేని మనిషి. బడిపిల్లలా గదిలో ఒక చుట్టు తిరిగొచ్చింది.

సన్యాసిరావు అక్కడికి సైన్సు మీద ప్రేమతో పోలేదు. అయిదో తరగతితో బడి మానేసినవాడికి సైన్సుతో ఏం పని? విజయనగరం పార్కులో పొద్దున్నే నడిచే ముసలాళ్ళకు ఏవో పరీక్షలు చేస్తారనీ, ఉప్మా పెడతారనీ అన్నారు. ఉప్మా కోసం పోయాడు. అక్కడ మృణాళిని ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి ఒకటే ప్రశ్న వేసింది: "రోజులెలా గడుస్తున్నాయి?" మిగతావాళ్ళు దేవుడి దయ అని లేచి వెళ్ళిపోయారు. సన్యాసిరావు మాత్రం కడుపులో ఉన్నదంతా కక్కాడు.

"గడవడవేటమ్మా, పరిగెడతన్నాయి! సోమారం పొద్దున్న టీ గళాసు నోటికాడ ఎడతాను. దించేసరికి మళ్ళా సోమారం. సిన్నప్పుడు ఎండాకాలం సెలవులు ఎంతకీ అయ్యీవి కావు. ఇప్పుడు ఏడాదికి ఏడాది జేబు సిల్లులోంచి జారిపోతాంది. ఆ కొట్టుకి అద్దాలెట్టించి, ఏసీ ఎట్టించి, సీరలు బొమ్మలకి కట్టి నిలబెట్టీనారు. ఇప్పీవోడెందుకని నన్ను ఇంటికి పొమ్మన్నారు. అప్పట్నించీ బతుకు ఉన్నాది గానీ బతికినట్టు నేదు."

మృణాళిని కుర్చీ దగ్గరకు జరుపుకుంది. "కొత్తది కనబడితే మెదడు ఆగి చూస్తుంది. ఆగినంతసేపూ రోజు సాగుతుంది. చూసిందే కనబడితే 'తెలిసిందేలే' అని తోసేస్తుంది. మీ వయసుకి అన్నీ తెలిసినవే. పొద్దున్న లేచింది మొదలు అన్నిటినీ తోసేస్తారు. రాత్రికి చూసుకుంటే చేతిలో రోజే ఉండదు. ఆ 'తెలిసిందేలే' అనే చోటుని నేను కాసేపు నిద్రపుచ్చగలను."

సన్యాసిరావు పకపకా నవ్వాడు. "అది మా కొట్టు ఇద్యే గదమ్మా! పెళ్ళోరొస్తారు. ఓ సీర ఇప్పుతాను. అబ్బే అంటారు. మడతెట్టి లోపల గదికి పంపీస్తాను. ఇంకో పాతిక సీరలు ఇప్పుతాను. అప్పుడు అదే సీర ఇంకో పెట్లో ఎట్టించి లోపల్నించి తెప్పిస్తాను. 'ఇవాళే దిగిన సరుకమ్మా, ఇంకా బీరువా కూడా ఎక్కలేదు' అంటాను. దాన్నే కొంటారు! ముందే సూపించొచ్చు కదా అని నన్ను తిడతారు కూడాను."

"అచ్చం అదే," అంది మృణాళిని. ఆమె కళ్ళు మెరిశాయి. "నా టోపీ లోకాన్నంతటినీ ఒకసారి లోపలికి పంపి మళ్ళీ తెప్పిస్తుంది."

టోపీ తీసేసినా దాని ప్రభావం పడుకునేదాకా ఉంటుందని చెప్పి, మొదటి రోజు కారులో ఇంటికి పంపబోయింది. సన్యాసిరావు ఒప్పుకోలేదు. బస్సెక్కుతానన్నాడు.

ఆ బస్సు ప్రయాణం! జీవితంలో లెక్కలేనన్నిసార్లు విసుక్కుంటూ వెళ్ళిన దారి అది. కిటికీ ఊచ పట్టుకుని ముసలాడు నోరు తెరుచుకు కూర్చున్నాడు. మధురవాడ దగ్గర ఒకామె తాటిముంజెలు ఒలుస్తోంది. కత్తి దిగడం, ముంజె ఊడి రావడం, నీరు చింది ఆమె మోచేతి మీద పడటం, ఒక్కొక్కటి విడివిడిగా ఒక పండగ. తగరపువలస వంతెన మీద గోస్తనీ నది ఎండలో అంచు మెరిసింది. ముందు సీటులో ఆడమనిషి జడలో కనకాంబరాలు ఒక్కొక్కటే ఊగాయి. కండక్టరు చిల్లర ఎగరేసి పట్టుకుంటే సన్యాసిరావు "ఆహా!" అన్నాడు. కండక్టరు అనుమానంగా చూసి, "ఏం తాతా, పొద్దున్నే వేశావా?" అని అడిగాడు. బస్సంతా నవ్వింది. ఆ నవ్వు కూడా బాగుంది సన్యాసిరావుకి. విజయనగరంలో దిగేసరికి ఒక వేసవి సెలవంత కాలం గడిపి వచ్చినట్టుంది. ఇంకా మధ్యాహ్నం కూడా కాలేదు.

ఇంట్లో భార్య అప్పలనర్సమ్మ ఉలవచారు కాసింది. ముద్ద నోట్లో పెట్టుకుని సన్యాసిరావు ఆగిపోయాడు.

"ఏటైంది మావా? రాయి తగిలిందేటి?"

"ఒలే నర్సా! ఇది నువ్వే కాసినావా?"

"నేదు, రాజుగారి కోటలోంచి తెప్పించినాను. ఏటా పెస్న?"

"ఇలగ కాస్తావని ఎప్పుడూ సెప్పనేదేటే?"

నర్సమ్మ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. పెళ్ళయిన నాటి నుంచి ఉప్పెక్కువ, కారం తక్కువ అనే మాటలే తప్ప ఇంకొకటి విని ఎరగదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది. ఆ పోవడాన్ని కూడా సన్యాసిరావు చూశాడు. మడమల పగుళ్ళలో ఎర్రటి పారాణి మరక. నడుము కాస్త ఒంగినా, అడుగు మాత్రం ఎవరికీ లొంగని అడుగు. ఇంతటి మనిషి ఈ ఇంట్లో తిరుగుతోందా అనిపించింది.

ఆ తర్వాత వాళ్ళింట్లో తిరునాళ్ళే. వారానికోసారి కొండ మీదికి పోయేవాడు కాస్తా రెండుసార్లు పోయాడు, మూడుసార్లు పోయాడు. టోపీ పెట్టుకున్న రోజల్లా నర్సమ్మను వెంటబెట్టుకుని ఊరు తిరిగాడు. భీమిలి వెళ్ళి వలలు లాగేవాళ్ళతో కలిసి తాడు పట్టుకుని లాగాడు. తాటిపూడి డ్యాము మీద గాలికి తలపాగా ఎగిరిపోతే పసిపిల్లాడిలా దాని వెంట పరిగెత్తాడు. సంతలో కుండలు వాయించి చూశాడు. కుట్టుపని చేసే పక్కింటామె దగ్గర కూర్చుని కాజాలు కుట్టడం నేర్చుకున్నాడు. చేతకాక వేలికి పొడుచుకుని, ఆ రక్తపు బొట్టును చూసి మురిసిపోయాడు. "ముసలాడికి మతి పోనాది" అన్నారు వీధివాళ్ళు. పోతే పోయింది. మతి ఉన్నవాళ్ళు అరుగుల మీద కూర్చుని ఏం వెలగబెడుతున్నారు? పోయినవాళ్ళ పెద్దకర్మల్లో గారెలెలా ఉన్నాయో చెప్పుకుంటున్నారు.

అన్నిటికన్నా ఎక్కువగా చూసింది మాత్రం నర్సమ్మనే. ఆమె తల దువ్వుకుంటే చూశాడు. చింతపండు పిసుకుతుంటే చూశాడు. ముక్కుపుడక తిప్పుకుంటూ ఆలోచిస్తుంటే చూశాడు. "సాల్లే మావా, దిష్టి తగులద్ది" అని ఆమె సిగ్గుపడింది. ఆ వయసులో సిగ్గు వచ్చినందుకు ఇంకా సిగ్గుపడింది.

కొండ మీద మృణాళిని కూడా ఆనందంతో నేల మీద నిలవడం లేదు. "టోపీతో ఇక పనిలేదండీ. గింజంత పరికరం తయారైంది. పుర్రె ఎముక కింద పెట్టేస్తాం. జీవితాంతం ఉంటుంది. మీకింకా ఎన్నేళ్ళుంటే, వాటికి పదింతలు బతికినట్టు. మొదటి మనిషి మీరే."

"ఎట్టీయండమ్మా!" అన్నాడు సన్యాసిరావు, అక్కడికక్కడే తల వంచుతూ. పరికరం పెట్టడానికి రోజు కూడా అనుకున్నారు.

దానికి ముందు వారంలో, టోపీ లేని ఒక పొద్దున్న, జరిగింది అది.

సన్యాసిరావు మంచం మీద కూర్చుని ఉన్నాడు. గుమ్మంలోంచి ఒక పెద్దావిడ లోపలికి వచ్చింది. నేత చీర, ముక్కుపుడక, పసుపు రాసిన చెంపలు, చేతిలో టీ గ్లాసు. ఎంత లక్షణంగా ఉందీ మనిషి! సన్యాసిరావు చటుక్కున లేచాడు. భుజం మీది తువ్వాలుతో మంచం దులిపాడు. నడుము దానంతట అదే కాస్త వంగింది.

"రండమ్మా, రండి. కూర్చోండి. ఏం చూపించమంటారు?"

నర్సమ్మ ముందు తెల్లబోయి, తర్వాత ఫక్కున నవ్వింది. ఈమధ్య ఆయన ఆటలకు ఆమెకూ అలవాటైంది. మంచం మీద దర్జాగా కూర్చుని, "పెళ్ళికండి. పట్టు సూపించండి. పాత సరుకు అంటగట్టీకండేం," అంది.

"అయ్యో, ఎంతమాటమ్మా! ఇవాళే దిగిన సరుకు. పెళ్ళి ఎవరికమ్మా, అమ్మాయికా?"

నర్సమ్మ నవ్వు ఆగిపోయింది. ఆటలోనైనా ఆయన ఆ మాట అడగడు. వాళ్ళకు అమ్మాయి లేదు. ఒక్క కొడుకు పుట్టి, పాకే వయసులో జ్వరానికి పోయాడు. ఆ తర్వాత కడుపు పండలేదు. ఆ ఇంట్లో పిల్లల మాట సరదాకైనా ఎత్తే అలవాటు ఇద్దరికీ లేదు.

"మావా. నా వంక సూడు. నానెవుర్ని?"

సన్యాసిరావు చూశాడు. తెలియక కాదు. అప్పలనర్సమ్మ. భార్య. మేనత్త కూతురు. రేషను కార్డులో తన పేరు కింద ఉండే పేరు. అన్నీ వరసగా చెప్పగలడు. కానీ ఆ చెప్పేదంతా ఎవరో చెబితే విన్నట్టుంది. ఎదుట కూర్చున్న ఈ చక్కని మనిషి వేరే ఎక్కడి నుంచో ఇప్పుడే వచ్చినట్టుంది. "ఒలే నర్సా" అందామని నోరు తెరిచాడు. నాలుక మొండికేసింది. పరాయి ఆడమనిషిని పట్టుకుని ఒలే అనడమేమిటి? సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

"మీరు... మీరు నర్సమ్మ గారు కదమ్మా," అన్నాడు.

నర్సమ్మ టీ గ్లాసును నెమ్మదిగా కింద పెట్టింది.

"సంటోడు గుర్తున్నాడా? మన పైడిరాజు?"

"గుర్తేనమ్మా. జ్వరం వచ్చి పోయాడు." సన్యాసిరావు గొంతులో నిజమైన జాలి పలికింది. కొట్లో ఏ తల్లయినా కష్టం చెప్పుకుంటే పలికే జాలే అది. "అయ్యో పాపం. మీకెంత కష్టం వచ్చిందమ్మా!"

నర్సమ్మ ఏడవలేదు. గోడ వంక చూస్తూ అంది: "నీకు నాను కొత్త. బాగానే ఉన్నాది. నాకు నువ్వు పాతే గదా? ఆ యేళ్ళన్నీ నానొక్కర్తినే మొయ్యాలేటి? ఆ పిల్లోడికి నానొక్కర్తినే అమ్మా అయ్యా అవ్వాలేటి?"

సన్యాసిరావుకి చెప్పుకోవడానికి సిగ్గుపడే సంగతి ఒకటి ఉంది. ఆ మాటలు వింటున్నప్పుడు కూడా అతని గుండె ఎగిరెగిరి పడుతోంది. కోపంలో ఆమె కళ్ళు ఎంత బాగున్నాయో అనిపిస్తోంది. బాధపడాలని తెలుసు. బాధే రావడం లేదు. ఆనందం మాత్రం వద్దన్నా వస్తోంది.

పరికరం పెట్టే రోజున నర్సమ్మ కూడా కొండ మీదికి వచ్చింది. బస్సులో ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. సన్యాసిరావు మర్యాదగా మధ్యలో జానెడు జాగా వదిలి కూర్చున్నాడు.

జరిగిందంతా విన్న మృణాళిని మొహం పాలిపోయింది. టోపీని ఒళ్ళో పెట్టుకుని దాని తీగలు సర్దసాగింది.

"ఆ 'తెలిసిందేలే' అనే చోటు కాసేపే నిద్రపోతుందనుకున్నాను," అంది. "పదేపదే నిద్రపుచ్చితే కొన్నిటి విషయంలో ఇక లేవడం లేదన్నమాట. ఎక్కువగా దేన్ని చూస్తే దాని విషయంలో."

"అయితే నన్నే ఎక్కువ సూసినాడు," అంది నర్సమ్మ. ఆ మాటలో గర్వమో ఏడుపో ఆమెకే తెలియలేదు.

"టోపీ ఆపీస్తే ఆ పాత ఎరిక తిరిగొస్తాదా అమ్మా?" సన్యాసిరావు అడిగాడు.

"రావచ్చు. ఖాయంగా చెప్పలేను. వస్తే మాత్రం మామూలు దారినే వస్తుంది. చూసిందే చూస్తూ, విన్నదే వింటూ, విసుగు పుట్టేదాకా. విసుగే దీనికి మందు. కానీ వచ్చిందంటే దాంతోపాటు ఆ పరుగూ వస్తుంది. సోమవారం తర్వాత సోమవారం. మీరు పార్కులో చెప్పారే, అదే." మృణాళిని తల ఎత్తింది. దాచుకోకుండా చెప్పింది: "మీరు పరికరం పెట్టించుకోవాలనే నాకుంది. పదేళ్ళు దీనికోసం పనిచేశాను. కానీ మీ ఆవిడ ఎదురుగా కూర్చుని ఆ మాట అనలేకపోతున్నాను. మీరే చెప్పండి."

సన్యాసిరావు నర్సమ్మ వంక చూశాడు.

"నా వంక సూడకు మావా. మళ్ళా అరిగిపోతాను," అంది నర్సమ్మ. "నీ ఇష్టం. ఆ పాత రోజుల్లో నువ్వు సుఖపడింది నేదు, నాకు తెల్సు."

"ఇంకొక్కసారి టోపీ ఎట్టండమ్మా," అన్నాడు సన్యాసిరావు. "ఆ నిమ్మకాయ కూడా."

మీట నొక్కారు. పసుపు వచ్చి మీద పడింది. వెలుగు చుక్కలు, వాసన, నడినెత్తి. "ఓలమ్మో!" అని అరిచాడు. అరుస్తూనే తన అరుపు తనే విన్నాడు. మొదటి రోజు ఇదే అరుపు. తర్వాత ప్రతిసారీ ఇదే అరుపు. ఇన్నిసార్లలో ఈ కాయతో ఒక్క అంగుళమైనా స్నేహం ముదిరిందా? ప్రతిసారీ కొత్తచుట్టమే. ఏ కాయా తన కాయ కాలేదు.

కొట్టు గుర్తొచ్చింది. తెల్లదుప్పటి పరుపు, ఎదురుగా పెళ్ళివాళ్ళు, లోపలి నుంచి వచ్చే పెట్టె. పాత చీరను కొత్తదని నమ్మించి అమ్మేశానని జీవితమంతా చంకలు గుద్దుకున్నాడు. అది కాదేమో! మొదటిసారి విప్పినప్పుడు ఆ చీర నిజంగానే కొత్తది. అందుకే అబ్బే అన్నారు. రెండోసారి వచ్చేసరికి వాళ్ళకు తెలియకుండానే కంటికి చుట్టమైపోయింది. ఎక్కడో చూసినట్టుందే అని చెయ్యి దానంతట అదే ముందుకు వచ్చింది. ముప్ఫైసార్లు విప్పి చూపినా ముప్ఫైసార్లూ మొదటిసారే చూసే మనిషికి ఎవడు మాత్రం ఏ చీర అమ్మగలడు?

టోపీ తనే తీసి బల్ల మీద పెట్టాడు.

"వద్దమ్మా. అన్నీ సూస్తన్నాను. ఒక్కటీ కొనట్లేదు."

మృణాళిని తల ఊపింది. గింజంత పరికరాన్ని డబ్బాలో పెట్టి మూత బిగించింది. ఆమె వేళ్ళు మూత మీదే చాలాసేపు ఉండిపోయాయి.

మర్నాడే నర్సమ్మ కొట్టు తెరిచింది. నడి ఇంట్లో తెల్లదుప్పటి పరిచి, దాని మీద తను కూర్చుని, ట్రంకు పెట్టె పక్కన పెట్టుకుంది. సన్యాసిరావును ఎదురుగా గోడకానించి కూర్చోబెట్టింది.

"రండి బాబూ, రండి. మా కొట్లో పాత సరుకే ఉంటాది. ఇష్టమైతే సూడండి, నేకపోతే ఊరుకోండి. లెగడానికి మాత్రం ఈల్లేదు."

"అలాగేనమ్మా," అన్నాడు సన్యాసిరావు బుద్ధిగా.

ఆమె ఒక్కొక్క చీరే విప్పింది. ఇది పెళ్ళిలో మీ అమ్మ పెట్టింది, అంచు పొట్టని నువ్వు గోలెట్టినావు. ఇది సిరిమాను పండక్కి కొన్నది, గుంపులో నా సెయ్యి వదిలీసి నువ్వు తప్పిపోనావు, నన్నే తప్పిపోయినానని తిట్టినావు. ఇది నీకు కామెర్లొచ్చినప్పుడు ఆస్పత్రిలో వారమంతా కట్టినది. సన్యాసిరావు అన్నిటికీ "చాలా బాగుందమ్మా, మంచి నేత" అన్నాడు. నర్సమ్మ మారు మాట్లాడకుండా మడత పెట్టి లోపలికి పట్టుకుపోయింది. కాసేపటికి అదే చీర ఇంకో సంచిలో పెట్టి తెచ్చింది. మళ్ళీ అంచు పొట్టి, మళ్ళీ గోల. భర్త జీవితమంతా గొప్పగా చెప్పుకున్న విద్యను అతని మీదే ప్రయోగించింది.

నీలం చీర ఒకటి ఉంది. రంగు వెలిసి, ఒక కొస ముడి పడి పడి పీచులు తేలిన చీర. దాన్ని రోజూ ఆఖర్న తీసేది. దానికి మాత్రం కథ చెప్పేది కాదు. "ఉయ్యాల," అనేది, అంతే. "ఎక్కడి సరుకమ్మా ఇది?" అని సన్యాసిరావు అడిగితే, పెదవులు బిగించి మడత పెట్టేసేది.

కొన్నాళ్ళకు సన్యాసిరావుకి ఆవులింతలు మొదలయ్యాయి. మొదటి ఆవులింత వచ్చిన రోజున నర్సమ్మ లేచి పక్కింటికి పరిగెత్తింది. "ఒదినా! మా మావకి ఇసుగొచ్చినాది! ఆవులించినాడు!" కుట్టుపనామె సూది నోట్లో పెట్టుకుని బిత్తరపోయి చూసింది. మొగుడికి విసుగొస్తే ఇంత సంబరపడే ఆడదాన్ని ఆమె ఎక్కడా చూడలేదు. ఆ సాయంత్రం నర్సమ్మ బెల్లం పరమాన్నం వండింది. సన్యాసిరావు తిని, "నిన్నటిలాగే ఉందమ్మా" అన్నాడు. నిన్న వండలేదు. ఎప్పటి నిన్నో అది. నర్సమ్మ గిన్నెలో మిగిలిందంతా అతని కంచంలోకే వంచేసింది.

అయినా "మీరు" పోలేదు. "అమ్మా" పోలేదు.

ఒక మధ్యాహ్నం ఆమె చీరలు విప్పడం మానేసింది. నీలం చీర ఒక్కటే పట్టుకుని ముక్కాలి పీట ఎక్కింది. చీరను దూలం మీంచి వేసి, కిందికి లాగి, రెండు కొసలూ కలిపి ముడి వేయబోయింది. వయసైన చేతులు. ముడి ఒకసారి జారింది. రెండోసారి వంకరగా పడింది.

గోడకానుకుని జోగుతున్న సన్యాసిరావు కళ్ళు తెరిచాడు. జీవితమంతా బట్ట పట్టిన చేతులు ముందు కదిలాయి. మనిషి తర్వాత లేచాడు.

"ఒలే! అలగ కాదే! ఎన్నిసార్లు సెప్పాల నీకు? ఆ ముడి జారిపోద్ది. దిగు కిందికి!"

నర్సమ్మ పీట మీద బిగుసుకుపోయింది.

సన్యాసిరావు ఆమె చేతుల్లోంచి కొసలు లాక్కున్నాడు. ఎడమ కొసను మెలిపెట్టి, కుడి కొసను దాని చుట్టూ రెండుసార్లు తిప్పి, లోపలి నుంచి లాగి బిగించాడు. పీచులు తేలినచోటే ముడి సరిగ్గా వచ్చి కూర్చుంది. అరచేత్తో ఉయ్యాల అడుగుని నొక్కి, బరువాగుతుందో లేదో చూశాడు. "ఈ పక్కన దుప్పటి మడత ఎయ్యి. సంటోడికి ఈపు ఒత్తుకుంటాద..."

చెయ్యి ఖాళీ ఉయ్యాల్లో ఆగిపోయింది.

లోపల ఎక్కడో మూసిన తలుపు ఒక్కసారి తెరుచుకుంది. పైడిరాజు అరికాళ్ళు, వాడి మెడ కింద చెమట వాసన, ఆ రాత్రి జ్వరం, తెల్లారాక ఒంట్లోని వేడి చల్లారిపోవడం, అన్నీ కలిసి ముంచెత్తాయి. ఏ ఒక్కటీ కొత్తది కాదు. ఎక్కడ మొదలై ఎక్కడ తిరిగి ఎక్కడ తేలుతుందో దారంతా తెలిసిన పాత ఏడుపు. సన్యాసిరావు ఉయ్యాల పట్టుకుని నేల మీద కూలబడి ఏడ్చాడు. నర్సమ్మ పీట దిగి వచ్చి అతని పక్కన కూర్చుంది. మధ్యలో జానెడు జాగా లేదు.

"వొచ్చీసినావా మావా?" అంది.

"ఎక్కడికి పోనానే?" అన్నాడు, ముక్కు చీదుతూ.

తర్వాత చాలా మాట్లాడుకున్నారు. పిల్లాడి గురించి, ఇన్నేళ్ళూ ఎత్తకుండా దాచుకున్న మాటలన్నీ. వాడు చెప్పులు కొరికేవాడని ఒకరు, కాదు నీ ముక్కు కొరికేవాడని ఒకరు. సన్యాసిరావు నవ్వాడు. నర్సమ్మ అతని వీపు మీద ఒకటి చరిచింది. ఉయ్యాల గాలికి దానంతట అది ఊగుతూనే ఉంది. ఉన్నట్టుండి సన్యాసిరావు గుమ్మం వంక చూసి ఉలిక్కిపడ్డాడు. వాకిట్లో ఎండ లేదు. ఎదురింట్లో దీపం వెలుగుతోంది.

"అదేటే! ఇప్పుడే గదే మజ్జాన్నం? అప్పుడే పొద్దోయిందేటే?"

"ఎప్పుడో పోనాది."

"సూసినావా? నాను సెప్పనేదా? రోజులు పరిగెడతన్నాయి!"

అని గట్టిగా అన్నాడు. అనేసి, ఆ మాట తన నోటి నుంచే మళ్ళీ వచ్చినందుకు నవ్వాగక కడుపు పట్టుకున్నాడు. నర్సమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ లేచి టీ పెట్టింది. గ్లాసు తెచ్చి, కొట్లో గుమాస్తాలా నడుం వంచి, రెండు చేతులతో అందించింది.

"తీసుకోండి బాబూ. ఇవాళే దిగిన సరుకు."

సన్యాసిరావు ఒక గుక్క తాగాడు. పంచదార ఎక్కువైంది, ఎప్పటిలాగే.

"తెలిసిందేలేవే," అన్నాడు.